మా ఆవిడ చెల్లెలు కాదని చెప్పే కాగితం

ఈ ప్రయాణంలో నేను చూసిన చోట్లలో చూడదగ్గది ఒక్కటీ లేదు. కొండ ఎక్కలేదు, గుడికి పోలేదు. దగ్గరలో మంచి జలపాతం ఉందని అందరూ చెప్పారు గాని అటు తిరిగే తీరిక చిక్కలేదు. నేనూ మా ఆవిడా థాయిలాండ్ నుంచి జంషెడ్‌పూర్ దాకా పడుతూ లేస్తూ వెళ్ళింది ఒకే ఒక్క పని మీద. నేను ఆవిడకి అన్నయ్యను కానని ఒక కాగితం రాయించుకు రావాలి. నవ్వుకోండి, పరవాలేదు. మొదటి రోజు మేమూ నవ్వుకున్నాం.

అసలు గొడవ

నా పేరు సూర్యనారాయణ. జంషెడ్‌పూర్ కర్మాగారంలో రోలింగ్ మిల్లు పని నేర్చుకుని, వయసు మళ్ళాక థాయిలాండ్‌లో ఇనపకడ్డీలు తీసే మిల్లులో ఫోర్‌మన్‌గా చేరి, అక్కడే రిటైరయ్యాను. ఇంటికి ఎందుకు వెళ్ళలేదని అందరూ అడుగుతారు. ఏ ఇంటికి వెళ్ళాలో ఎవరైనా చెబితే వెళ్ళేవాణ్ణి. జంషెడ్‌పూర్ క్వార్టరు కంపెనీది, ఎప్పుడో అప్పగించేశాం. శ్రీకాకుళం జిల్లాలో పుట్టిన ఊరైతే ఉంది గాని అందులో మాకంటూ గడప లేదు. పిల్లలు కలగలేదు. బ్యాంకాక్‌కి మూడు గంటల దూరంలో, సముద్రం పక్కన చిన్న ఊళ్ళో రెండు గదుల ఇల్లు అద్దెకి దొరికింది. మా ఆవిడ వరలక్ష్మి, నాకు వరాలు, అక్కడి కూరల సంతలో వాళ్ళ భాషలోనే బేరమాడేంత దూరం వచ్చింది. పక్కింటావిడ బొప్పాయి పచ్చికాయ తురిమి పంపుతుంది, వరాలు అందులో చింతపండు వేసి తిరిగి పంపుతుంది. అలా గడిచిపోతోంది.

రిటైరైన పరదేశి అక్కడ ఉండాలంటే ఏడాదికోసారి అనుమతి పొడిగించుకోవాలి. వాళ్ళ బ్యాంకులో కొంత సొమ్ము కదలకుండా పెట్టాలి. మూడు నెలలకోసారి వెళ్ళి, ఇంకా ఇక్కడే ఉన్నామని చెప్పి రావాలి. భార్య ఉంటే ఆవిడ అనుమతి మొగుడి అనుమతికి కట్టేసి ఉంటుంది. ఇన్నాళ్ళూ మిల్లువాళ్ళ ఏజెంటే ఇవన్నీ చూసుకునేవాడు. ఈ ఏడాది ఏజెంటు లేడు, మేమే వెళ్ళాం. పాస్‌పోర్టులో ప్రతి పేజీనీ థాయి భాషలోకి మార్పించి తెమ్మన్నారు. మార్చిన అమ్మాయి మహా బుద్ధిమంతురాలు, ఎవరూ చూడని ఆఖరి పేజీని కూడా వదల్లేదు. అక్కడ తండ్రి పేరు ఉంటుంది.

ఆఫీసులో కూర్చున్న ఆమె మా ఇద్దరి కాగితాలూ పక్కపక్కన పెట్టుకుంది. చేతులు జోడించి, తల వంచి, చిరునవ్వుతో అడిగింది, మీ ఇద్దరికీ నాన్నగారు ఒకరేనా అని. నా పాస్‌పోర్టులో తండ్రి తవిటయ్య. వరాలు పాస్‌పోర్టులోనూ తండ్రి తవిటయ్య. ఇంటిపేరుతో సహా ఒక్క అక్షరం తేడా లేదు.

తవిటయ్య మా మేనమామ, మావ. అమ్మ నా పసితనంలోనే పోయింది. మా నాన్న కూడా పోయాక, నాకు ఆరేళ్ళప్పుడు, మావ నన్ను పలాస దగ్గర ఊరినుంచి జంషెడ్‌పూర్ అగ్రికో పేటలో తన క్వార్టరుకి తెచ్చుకున్నాడు. బళ్ళో వేసినప్పుడు మేష్టారు బాప్ కా నామ్, తండ్రి పేరు, అని అడిగాడు. మేనమామనని చెబితే కుదరదన్నాడో, వివరించే హిందీ మావకి లేకపోయిందో, తన పేరు రాయించేశాడు. బడి కాగితాన్ని చూసి కంపెనీ, కంపెనీని చూసి పాన్ కార్డు, దాన్ని చూసి పాస్‌పోర్టు. ఆ తర్వాత మనవాళ్ళ పద్ధతి ప్రకారం మావ తన కూతుర్ని నాకే ఇచ్చి చేశాడు. మా బస్తీలో తెలుగువాళ్ళెవరికీ ఇందులో వింత కనబడలేదు. కాగితాల మీద మాత్రం నేను నా చెల్లెల్ని పెళ్ళి చేసుకున్నాను.

ఇదంతా ఆ ఆఫీసులో చెప్పడానికి ప్రయత్నించాను. మేనమామ కూతురు అనే ముక్కని థాయిలో ఎలా చెప్పాలో తెలియక బొమ్మ గీశాను. బొమ్మ చూశాక ఆమెకి అనుమానం మరింత పెరిగింది. రెండు నెలలు గడువిచ్చి, మీరు తోబుట్టువులు కారని మీ దేశంనుంచి ప్రమాణపత్రం తెండి అంది. తేకపోతే నేను ఉండొచ్చు, ఆవిడ దేశం విడిచి పోవాలి. ఆవిడ పోయాక నేనొక్కణ్ణీ అక్కడ ఏం చేసుకుంటాను? పోనీ ఇద్దరమూ పోతే ఎక్కడికి పోతాం? ఆ రాత్రినుంచి నవ్వడం మానేశాం.

హౌరా దాటాక

విమానంలో కలకత్తా దిగి, హౌరాలో రైలెక్కాం. వానాకాలం. థాయిలాండ్ రైల్లో ఎవరి మానాన వాళ్ళు కూర్చుంటారు, పొరుగువాణ్ణి పలకరిస్తే ఏదో తప్పు చేసినట్టు చూస్తారు. ఇక్కడ ఖరగ్‌పూర్ రాకుండానే ఎదుటి సీటావిడకి మా వయసులు, మా జబ్బులు, మా ఇంటి అద్దె తెలిసిపోయాయి. టాటానగర్‌లో రిటైరైన గార్డుగారి భార్య, మన తెలుగావిడే. ఝాల్‌మూరీ, అదే కారపు మరమరాల పొట్లం, ఇరవై రూపాయలు. ఆవిడే కొనిపెట్టింది. ఆవాల నూనె ఘాటు ముక్కుకెక్కి నాకు కళ్ళనీళ్ళొచ్చాయి, ఆవిడ నేను పుట్టిన గడ్డ చూసి ఏడుస్తున్నాననుకుంది.

వరాలు ఉండబట్టలేక సంగతి చెప్పేసింది. ఆవిడ మొత్తం విని, "మేనరికవే గదమ్మా, అయితే ఏటి?" అంది. అంతటితో ఆ విషయం ఆవిడకి ముగిసిపోయింది. అక్కడ చింతపండు కిలో ఎంత, కరివేపాకు దొరుకుతుందా అని అడగడం మొదలుపెట్టింది. ఘాట్‌శిల దాటుతుంటే వరాలు నా చెవిలో, లోకమంతా ఈవిడలాంటివాళ్ళే ఉంటే ఎంత బాగుణ్ణు అంది.

బారిడీహ్

మా అత్త, అంటే మావ భార్య, వరాలు తల్లి, జంషెడ్‌పూర్‌లోనే బారిడీహ్ పేటలో కొడుకు రమణ దగ్గర ఉంటోంది. రమణ కాంట్రాక్టు మీద వెల్డర్లని పెట్టి పని చేయిస్తాడు. అత్తకి ఎనభై దాటాయి. నడుం వంగింది గాని గొంతు వంగలేదు. నేను ఆటో దిగుతుండగానే గుమ్మంలోంచి, "ఒరే సూరీ, ఏట్రా అలగ సిక్కిపోయావు, ఆ దేశంలో గడ్డి పెడతన్నారా?" అంది. కూతుర్ని ఆ తర్వాత చూసింది.

నన్ను పెంచింది ఈవిడే. నా ముక్కు చీదింది, జ్వరానికి తడిగుడ్డ వేసింది, మార్కులు తక్కువొస్తే చీపురుకట్టతో బాదింది. అత్తా అని పిలుస్తాను, అది వట్టి అలవాటు. వరాలుతో పెళ్ళయ్యాక కూడా ఆవిడ నన్ను అల్లుడిలా చూడలేదు. మనవైపు అత్తలు అల్లుడి ముందు కూర్చోరు, పేరు పెట్టి పిలవరు, ఇంట్లో ఉన్న మంచిదంతా అతని కంచంలోకే పోతుంది. నాకు వీటిలో ఏదీ జరగలేదు. పండక్కి కొత్త బట్టలు అందరితోపాటే, పప్పు అడుగంటితే అది నాకే. ఇలా చెబితే ఫిర్యాదులా ఉంటుంది గాని, అంత గొప్ప అధికారం మరొకటి నాకెప్పుడూ దొరకలేదు.

ఆ పూట రుగ్డా పులుసు. సాల్ అడవుల్లో ఉరుములకి నేలలోంచి పైకొచ్చే చిన్న గుండ్రటి పుట్టగొడుగులు, ఇక్కడ వాటిని రుగ్డా అంటారు. ధర వేటమాంసంతో పోటీపడుతుంది. ఇక్కడివాళ్ళు మసాలా పెట్టి వండుతారు, మా అత్త మాత్రం చింతపండు పోసి పులుసు పెడుతుంది. నోట్లో టప్పున పగులుతాయి. వచ్చిన పనేమిటో అత్తకి చెప్పొద్దని వరాలు ముందే నా దగ్గర మాట తీసుకుంది. బ్యాంకు పనని చెప్పాం. అది అబద్ధమేమీ కాదు, బ్యాంకు పని కూడా ఉంది.

బ్యాంకులో ఒక పూట

కౌంటర్లో అమ్మాయిది తెలుగు ఇంటిపేరు. నేను సంతోషపడి తెలుగులో మొదలుపెడితే ఆమె హిందీలో జవాబిచ్చింది. అలాగే సాగించాం, ఇద్దరికీ ఇబ్బంది లేదు. విదేశంలో ఉంటూ ఇక్కడ మామూలు సేవింగ్స్ ఖాతా ఎలా ఉంచుకున్నారని అడిగింది. ఉంచుకోకూడదని నాకు తెలియదు. పరదేశంలో ఉండేవాళ్ళ ఖాతాగా మార్చాలట, అక్కడి చిరునామాకి రుజువు కావాలట. అద్దె కాగితం ఇచ్చాను. థాయి లిపి చూసి ఆమె దాన్ని ఒకసారి అటూ ఒకసారి ఇటూ తిప్పింది. ఇంగ్లీషులోకి మార్పించి, రాయబార కార్యాలయంలో ముద్ర వేయించి పంపమంది. అక్కడివాళ్ళు మా కాగితాల్ని థాయిలోకి మార్చమన్నారు, ఇక్కడివాళ్ళు థాయి కాగితాల్ని ఇటు మార్చమంటున్నారు. మధ్యలో మార్చినవాళ్ళు బాగుపడుతున్నారు.

ఖాతా మా ఇద్దరి పేరునా ఉంది. ఆమె తెర మీద చూసి, తండ్రి పేరు ఇద్దరికీ ఒకటే ఉంది కదా, భాయీ బెహెనా, అన్నాచెల్లెళ్ళా అంది. కాదు భార్య అన్నాను. ఆమె కనీసం తలెత్తలేదు. భార్యయినా చెల్లెలైనా బ్యాంకుకి ఫరక్ లేదు అంకుల్, సంతకం కలిస్తే చాలు అంది. సంతకం కలవలేదు. వయసు మీదపడి అక్షరాలు పాతలా కుదరడం లేదు. నాలుగైదుసార్లు చేయించి, చివరికి పోనీలెమ్మంది.

సాక్చీలో టాక్సు సలహా

రమణ తీసుకెళ్ళిన ఆడిటరు ఆఫీసు సాక్చీ బజారులో ఒక మిఠాయి కొట్టు పైన ఉంది. కింద జిలేబీ వేగుతుంటే పైన మనకి అంకెలు చెబుతారు. ఆయన ఓపిగ్గా చెప్పాడు, నాకే బుర్రకెక్కలేదు. ఏడాదిలో ఎక్కువకాలం ఏ దేశంలో ఉంటే ఆ దేశంవాడివి, అయినా ఇక్కడి వడ్డీకి ఇక్కడే పన్ను పట్టుకుంటారు, ఆ డబ్బు అక్కడికి తీసుకుపోతే అక్కడివాళ్ళూ అడుగుతారు, రెండు దేశాల మధ్యా ఒప్పందం ఉంది, ఒప్పందం అక్కరకి రావాలంటే అక్కడివాళ్ళు నేను వాళ్ళవాణ్ణని ఒక ధ్రువపత్రం ఇవ్వాలి. వాళ్ళివ్వాలంటే ముందు అనుమతి పొడిగించాలి. పొడిగించాలంటే వరాలు నా చెల్లెలు కాకూడదు. తిరిగి తిరిగి అక్కడికే వచ్చాం.

ఆ మాట బయటపడగానే ఆయన కుర్చీలో ముందుకి జరిగాడు. భార్య పేరున నేను వేసిన డబ్బుకి వడ్డీ వస్తే అది నా ఆదాయంలోనే కలుస్తుంది, అదే చెల్లెలి పేరున వేసుంటే ఆవిడ లెక్క ఆవిడదే. నవ్వుతూ అన్నాడు, "మీరిద్దరూ అన్నాచెల్లెళ్ళుగానే ఉండిపోతే పన్నుకి మేలు." వీసాకి భార్య కావాలి, పన్నుకి చెల్లెలు కావాలి, బ్యాంకుకి ఎవరైనా పరవాలేదు. మెట్లు దిగాక వరాలు పావుకిలో జిలేబీ కొంది. దానికి మాత్రం ఎవరూ ఏ సంబంధమూ అడగలేదు.

అగ్రికో

తప్పు మొదలైంది బళ్ళో కాబట్టి బళ్ళోనే దిద్దించుకుందామని అగ్రికో వెళ్ళాను. బడి ఉంది, పేరు మారింది. ఆఫీసులో ఒకాయన మర్యాదగా కూర్చోబెట్టి, తండ్రి పేరు దిద్దాలంటే తండ్రి స్వయంగా వచ్చి దరఖాస్తు పెట్టాలన్నాడు. ఏ తండ్రి అని అడిగాను. ఆయన ఆలోచించాడు. రికార్డులో ఉన్న తండ్రి అన్నాడు. ఆయన పోయాడని చెప్పాను. అయితే అసలు తండ్రి వచ్చినా చూద్దామన్నాడు. ఆయన అంతకుముందే పోయాడని చెబితే, ఇద్దరూ పోయారా అని నిజంగా బాధపడ్డాడు. అంతకుమించి ఆయన చెయ్యగలిగిందీ లేదు.

ఆ వీధిలోనే మా పాత క్వార్టరు. ఇప్పుడు అందులో బీహారునుంచి వచ్చిన ఆరా వైపు కుటుంబం ఉంటోంది. గేటు దగ్గర తచ్చాడుతుంటే ఇంటావిడ దొంగనేమో అనుకుని బయటికొచ్చింది. చిన్నప్పుడు ఇక్కడే ఉండేవాళ్ళమని చెబితే లోపలికి పిలిచి, సత్తూ, అంటే వేయించిన శనగల పిండి, నీళ్ళలో కలిపి, ఉప్పూ నిమ్మరసమూ పిండి గ్లాసుడు ఇచ్చింది. మీ నాన్న ఏ డిపార్టుమెంటని అడిగింది. బ్లాస్ట్ ఫర్నేస్ అన్నాను. అది మావ పని. మా నాన్న వ్యవసాయ కూలీ. జవాబు నా నోట్లోంచి దానంతటదే వచ్చేసింది, దిద్దుకోవాలని కూడా అనిపించలేదు.

కోర్టు దగ్గర

కోర్టు బయట రేకుల షెడ్ల కింద వకీళ్ళు బల్లలేసుకుని కూర్చుంటారు. వాన రేకుల మీద పడుతుంటే అందరూ అరిచి మాట్లాడుకోవాలి. మా సంసారం సంగతి నేను అరిచి చెబుతుంటే పక్కబల్లవాళ్ళు కూడా పని ఆపి విన్నారు. మా వకీలు బీహారులో ఛప్రా వైపు పెద్దమనిషి. తోబుట్టువులు కారని రాయడం సులభమే అన్నాడు. తర్వాత కలం ఆపి, మరి ఈమె మీకేమవుతుంది అని అడిగాడు. మామా కీ బేటీ అన్నాను. ఆయన కలం కిందపెట్టేశాడు.

వాళ్ళలో మేనమామ కూతురంటే చెల్లెలే. నా పెళ్ళికి మిల్లులో బీహారీ స్నేహితులందరూ వచ్చి కడుపునిండా తిని, వెళ్ళేటప్పుడు ఒకడు నన్ను పక్కకి లాగి, నిజంగానే చెల్లెల్ని చేసుకున్నావా అని గుసగుసగా అడిగాడు. అప్పుడు నవ్వేశాను. ఇప్పుడు నవ్వితే పని జరగదు. చెల్లెలు కాదని రుజువు చేసుకోవడానికి నేను చెప్పిన సంబంధం ఆయన లెక్కలో చెల్లెలిదే అయింది. వరాలు ఇక ఉండలేక తనకొచ్చిన హిందీలో ఆయన్ని దులిపేసింది. ఇన్నేళ్ళు కాపురం చేసిన మనిషిని మొగుడో కాదో మీరంతా కూర్చుని తేలుస్తారా అంది. పక్కబల్లలో ఉన్న ముసలి వకీలొకడు, దక్షిణాదివాళ్ళలో ఈ ఆచారం ఉంది, చట్టం కూడా ఒప్పుకుంటుంది, ఒక పేరా కలపవయ్యా అని సర్దిచెప్పాడు.

పేరా కలిపాడు. కాని నేనొక్కణ్ణే ప్రమాణం చేస్తే బలం చాలదన్నాడు. తవిటయ్య నాకు తండ్రి కాడని నేను ప్రమాణం చెయ్యాలి. దానికితోడు ఆయన భార్య బతికే ఉంది కాబట్టి, నేను తన కొడుకుని కానని ఆవిడ వచ్చి చెప్పి వేలిముద్ర వేస్తే ఏ దేశమూ కాదనలేదట. అది లేకుండా ఈ కాగితం పట్టుకెళ్ళి తిరగ్గొడితే మళ్ళీ రావడానికి గడువు మిగలదు.

నా ప్రమాణం నేను అక్కడే చేశాను. తవిటయ్య నా తండ్రి కాడు అని హిందీలో ఉన్నది ఆయన చదివాడు, నేను అవునన్నాను. వరాలు నా మొహం చూడకుండా బయట వాన చూస్తూ నిలబడింది.

అత్త వేలిముద్ర

ఆ సాయంత్రం వరాలే తల్లికి చెప్పింది. అత్త అంతా విని, అయితే ఇది రాయకపోతే పిల్లని అక్కడుండనివ్వరా అంది. ఉండనివ్వరని చెప్పాం. సరే అని గోడవైపు తిరిగి పడుకుంది. అన్నానికి లేవలేదు.

మర్నాడు రమణ ఆటో తెచ్చాడు. అత్త పెట్టెలోంచి ఉతికిన చీర తీసి కట్టుకుంది. వకీలు హిందీలో అడిగాడు, ఈ మనిషి నీకేమవుతాడమ్మా అని. అత్తకి హిందీ వచ్చు, సంతలో అందరినీ హిందీలోనే తిడుతుంది. ఆ రోజు మాత్రం తెలుగులోనే చెప్పింది. రమణ ఒక్కో ముక్కా హిందీలోకి మార్చాడు.

"రాసుకోండి. ఈయన నా కడుపున పుట్టలేదు. మా ఆడబిడ్డ కొడుకు. నా కూతురి మొగుడు. నాకు అల్లుడు. అంతే."

ఈడు అనకుండా ఈయన అంది. నేనది విన్నాను గాని, కోర్టు దగ్గర కదా, మర్యాదకి అన్నదనుకున్నాను. వకీలు ఆవిడ బొటనవేలు పట్టుకుని సిరాకి అద్ది నొక్కించాడు. వేలు తుడుచుకోడానికి నా రుమాలు ఇవ్వబోతే తీసుకోలేదు, తన కొంగుతోనే తుడుచుకుంది.

ఇంటికొచ్చాక అసలు సంగతి మొదలైంది. నేనెప్పుడూ కూర్చునే చోట నేలమీద కూర్చోబోతుంటే కోడలిచేత కుర్చీ వేయించింది. కొత్త పంచె, చొక్కాగుడ్డ, తాంబూలం పళ్ళెంలో పెట్టించి నా చేతికి ఇప్పించింది. ఇవన్నీ ఎవరిచేత ఎప్పుడు కొనిపించిందో నాకు తెలియదు. రొయ్యలు వేయించి నా ఒక్కడి కంచంలోనే వేసింది. తను మాత్రం వంటగది తలుపు వెనక, కొంగు తలమీదికి లాక్కుని నిలబడింది.

"ఇంకొంచెం ఏసుకోండి బాబూ," అంది తలుపు వెనకనుంచి.

"ఇదేటత్తా, ఆటలా?" అన్నాను.

"ఆటలు కాదు బాబూ. ఆయన బళ్ళో రాయించిందొకటి, మనం నడిచిందొకటి. అందుకే గదా ఇన్నేళ్ళకి ఎవరో పట్టుకున్నారు. ఇప్పుడు మళ్ళీ ఏలు ఏసి రాయించుకున్నాం. రాసినట్టే నడవాల. ఒకటి రాసి ఒకలాగ నడిత్తే, నా పిల్లని మళ్ళీ ఆపేత్తారు."

ఎవరు చూస్తారమ్మా, ఇది బారిడీహ్, ఇక్కడెవరూ చూడరని రమణ అన్నాడు. ఆవిడ వినిపించుకోలేదు. ఏ దేశపు ఆఫీసువాళ్ళో వచ్చి తలుపు చాటునుంచి చూస్తారని ఆవిడ నమ్మిందో, లేక నా ప్రమాణం సంగతి వరాలు చెప్పినప్పుడు మనసు విరిగి నన్నిలా దూరం పెట్టిందో, ఇప్పటికీ నాకు తెలియదు. అడిగే ధైర్యం లేకపోయింది. వెళ్ళేదాకా మిగిలిన రోజులన్నీ అల్లుడి మర్యాదలే. నేను గదిలోకి వస్తే ఆవిడ మంచం మీంచి లేచి నిలబడేది. వంగిన నడుంతో అలా లేస్తుంటే చూడలేక నేను వీధిలోకి పోయి, టీ కొట్టు దగ్గర పది రూపాయల టీలు తాగుతూ కూర్చునేవాణ్ణి. నాకు అమ్మ ఎలా ఉంటుందో గుర్తులేదు, గుర్తున్నది ఈవిడే. ఆవిణ్ణి నేనే కోర్టుకి తీసుకెళ్ళి కాదనిపించుకుని వచ్చాను. రాత్రి వరాలు ఏడ్చింది, నేనూ ఏడ్చాను.

బయలుదేరేటప్పుడు వంగి కాళ్ళకి దండం పెట్టబోతే రెండడుగులు వెనక్కి జరిగింది. అల్లుళ్ళు అత్త కాళ్ళు పట్టుకోరని కోడలికి చెప్పి నాకు చెప్పించింది.

మళ్ళీ సముద్రం పక్కన

కాగితం థాయిలోకి మార్పించి, ముద్రలు వేయించి, గడువు ఇంకా వారం ఉందనగా పట్టుకెళ్ళాం. అదే ఆమె, అదే చిరునవ్వు. పేజీలు తిప్పి ఎర్రముద్ర ఉందో లేదో చూసింది. అత్త వేలిముద్ర మీద ఆమె చూపు ఒక్క క్షణమైనా నిలవలేదు. ఆమె వరాలు పాస్‌పోర్టులో టప్పున ముద్ర కొట్టింది. అసలు కాగితం మాకు తిరిగివ్వమంటే, అది ఫైల్లో ఉంటుంది, వచ్చే ఏడాదికి కొత్తది తెచ్చుకోండి అంది. పాతది అక్కడే ఉండగా మళ్ళీ కొత్తది ఎందుకని అడిగాను. ఆమె చేతులు జోడించి తల వంచింది. అక్కడ ఆ నమస్కారానికి అర్థం, ఇక వెళ్ళండని.

ఇంటికొచ్చి, అన్నం తిని, బారిడీహ్ ఫోన్ చేశాను. రమణ ఫోన్ అత్తకిచ్చాడు.

"పనయిందా బాబూ?"

అయిందని చెప్పాను. వరాలు ఉండొచ్చా అని అడిగింది. ఉండొచ్చన్నాను. ఫోన్లో ఎవరిదో ప్రెషర్ కుక్కర్ విజిల్ వినబడింది.

"ఆ కాగితం మీ కాడే ఉందా?"

"లేదత్తా. ఆఫీసువాళ్ళు తీసేసుకున్నారు. మరి ఇవ్వరట."

"మరి దాంతో పని లేదా?"

వచ్చే ఏడాది సంగతి నాలిక చివరిదాకా వచ్చింది. అప్పటికి ఏం చేస్తానో, మళ్ళీ ఆవిణ్ణి ఆ షెడ్ల కిందికి ఎలా తీసుకెళ్తానో నాకేమీ తోచడం లేదు. వరాలు నా మొహంలోకే చూస్తోంది.

"లేదత్తా. అయిపోయింది," అన్నాను.

అవతల పెద్దగా నిట్టూర్చింది. మంచం కిర్రుమంది, కూర్చున్నట్టుంది.

"ఒరే సూరీ, అన్నం తిన్నావేట్రా?"

తిన్నాను. అయినా ఇంకా తినలేదని చెప్పాను. ఇంత పొద్దెక్కినా తినకుండా ఏటి సేత్తన్నావని ఆవిడ తిట్టడం మొదలుపెట్టింది. నేను ఫోన్ చెవికి గట్టిగా అదుముకుని, ఆవిడ అలిసిపోయి ఆపేదాకా విన్నాను.